తెర మీది అక్షరంపై పిల్లల చూపు నిలిచేదెప్పుడు?

1970లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బార్బరా ఫ్లాగ్ అనే పరిశోధకురాలు ఒక చిత్రమైన పని చేశారు. నాలుగైదేళ్ల పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, 'సెసమీ స్ట్రీట్' కార్యక్రమంలోంచి కొన్ని ముక్కలు చూపిస్తూ, వాళ్ల కళ్లు తెర మీద ఏ చోట ఆగుతున్నాయో నమోదు చేశారు. టీవీ చూస్తున్న పిల్లవాణ్ని పక్క నుంచి గమనిస్తే, శ్రద్ధగా చూస్తున్నాడన్నంత వరకే మనకు తెలుస్తుంది. తెరలో ఏ మూల చూస్తున్నాడో తెలియదు. ఆమెకు కావలసింది ఆ మూల.

ఒక ముక్కలో, చెత్తడబ్బాలో కాపురముండే ఆస్కార్ అనే బొమ్మ మరో బొమ్మతో మాటల ఆట ఆడతాడు. 'క్యాట్' అనే మాటను విడగొట్టి మళ్లీ అతికించడం ఆట. మొదటి అక్షరం తెర అడుగున ఎడమ మూల ప్రత్యక్షమవుతుంది, ఆస్కార్ దాని ధ్వని పలుకుతాడు. మిగతా ముక్క కుడి మూల వస్తుంది, దాన్ని రెండో బొమ్మ పలుకుతుంది. చివరికి రెండూ జరిగి జరిగి ఒక్కటవుతాయి. పాఠంగా చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. కానీ పిల్లల కళ్లు అక్షరాల వైపు పెద్దగా పోలేదు. ఆస్కార్ కదులుతున్నాడు, నోరు తెరుస్తున్నాడు. పిల్లలు అతన్నే చూస్తూ ఉండిపోయారు.

మరో ముక్కలో 'హగ్' అనే మాట తెర నడిమధ్యలో నిలబడి ఉంటుంది. ఒక బొమ్మ వచ్చి మొదటి అక్షరం వెనక నిలబడి దాని ధ్వని పలుకుతుంది. పక్కకు జరిగి రెండోది, ఇంకా జరిగి మూడోది. మళ్లీ ఎడమ నుంచి కుడికి నడుస్తూ మూడు ధ్వనులనూ కలిపి చదువుతుంది. తర్వాత హెర్రీ అనే రాక్షసబొమ్మ వచ్చి అదంతా ఇంకోసారి చేస్తాడు. చివర్లో ఇద్దరూ ఆ మాటకు అర్థమైన పనే చేస్తారు, ఒకరినొకరు హత్తుకుంటారు. ఈసారి పిల్లల చూపు అక్షరాల మీదే నిలిచింది, వాటి వెంటే ఎడమ నుంచి కుడికి నడిచింది.

రెంటిలోనూ పాఠం ఒకటే, కార్యక్రమం ఒకటే, పిల్లలు ఇష్టపడే బొమ్మలే. తేడా అంతా అక్షరం ఎక్కడ నిలబడింది, బొమ్మ ఎక్కడ నిలబడింది అన్నదానిలో ఉంది. టీవీ పిల్లలకు చదవడం నేర్పగలదా అన్న ప్రశ్నకు అమెరికాలో అర్ధశతాబ్దం పాటు వెతికిన జవాబులన్నీ నా దృష్టిలో ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి. మాటా బొమ్మా కదలికా టీవీకి పుట్టుకతో వచ్చిన బలాలు. అక్షరమేమో కదలదు, నవ్వదు, పాడదు. దాన్ని తెర మీద కథానాయకుణ్ని చేయగలిగినప్పుడే పిల్లలు చదువు నేర్చుకున్నారు.

అసలు కష్టం ఎక్కడుంది?

తెలుగువాళ్లకు ఈ కష్టం ఒక పట్టాన అర్థం కాదు. మనకు 'క' అక్షరం పేరూ 'క'యే, దాని పలుకూ 'క'యే. గుణింతం అంటే నిజానికి ఒక హల్లు పదహారు రకాల అచ్చులతో ఎలా కలుస్తుందో వరసగా చూపించే పట్టిక. అది నోటికి వచ్చాక కొత్త మాట కనబడితే పిల్లవాడు తడుముకుంటూనైనా కూడబలుక్కుని చదివేస్తాడు. అర్థం తెలియకపోవచ్చు గానీ పలుకు తప్పదు.

ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, పలుకు వేరు. 'డబ్ల్యూ' అనే పేరును ఎంత పిండినా 'వాటర్' అనే మాట మొదట్లో ఉన్న ధ్వని రాదు. అమెరికన్లు 'ఎయిచ్' అని పిలిచే అక్షరం పేరులో 'హ' అనే ఊపిరే వినబడదు. ఉన్న అక్షరాలు 26, పలకాల్సిన ధ్వనులు ఇంచుమించు 44. కాబట్టి అక్షరాలు జంటలు కట్టాలి, గుంపులు కట్టాలి, ఒకే గుంపు చోటును బట్టి రకరకాల వేషాలు వేయాలి. ఓ, యూ, జీ, ఎయిచ్ అనే నాలుగు అక్షరాల గుంపు ఒక మాటలో 'ఓ' అని పలుకుతుంది, మరో మాటలో 'ఊ', ఇంకోదానిలో 'అఫ్', వేరొకదానిలో 'ఆఫ్'. ఏబీసీడీలు పాటగా అప్పజెప్పిన పిల్లవాడికి చదువు వచ్చేసిందని మురిసిపోవడం ఇంగ్లీషులో కుదరదు. ఆ పాట అతనికి పేర్లు నేర్పింది, పలుకులు నేర్పలేదు.

ఇంకో ముడి ఉంది, ఇది కొంచెం సూక్ష్మమైనది. మనం హల్లును పలికితే అందులో 'అ' కలిసే ఉంటుంది. దాన్ని తీసేస్తే మిగిలేది పొల్లు. ఇంగ్లీషు చదవాలంటే పిల్లవాడు ప్రతి హల్లునూ పొల్లుగానే వినగలగాలి. 'బ్యాట్' అనే మాటను విడగొట్టి నేర్పే టీచరు 'బ... యా... ట' అని పలికితే, కలిపినప్పుడు 'బయాట' వస్తుంది గానీ 'బ్యాట్' రాదు. 'బ్' అని పొల్లుగా, క్లుప్తంగా పలకాలి. అందుకే తెలిసినవాళ్లు మొదట 'మ్', 'స్', 'ఫ్' వంటి ధ్వనులతో ఉన్న మాటలు ఎంచుకుంటారు. వాటిని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయవచ్చు, సాగదీస్తూనే తర్వాతి ధ్వనిలోకి జారిపోవచ్చు. 'బ్', 'ట్', 'క్' ధ్వనులు అలా సాగవు, పలికిన క్షణంలోనే ఆరిపోతాయి. మాట ఇలాంటి ధ్వనుల ముక్కలతో అయిందని చెవికి తట్టడమే మొదటి మెట్టు. ఆ ముక్కలకు అక్షరాలు గుర్తులని తెలియడం రెండో మెట్టు. ఈ రెండో మెట్టునే ఫోనిక్స్ అంటారు.

ఇంత కష్టపడి కూడబలుక్కున్నాక కూడా చదువు సగమే అయినట్టు. 1986లో ఫిలిప్ గఫ్, విలియమ్ టన్మర్ అనే ఇద్దరు దీన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే కూడబలుక్కునే శక్తిని భాష అర్థమయ్యే శక్తితో గుణించడమట. కూడిక అనలేదు, గుణకారం అన్నారు. అందులోనే ఉంది కిటుకు. కూడికలో ఒకటి సున్నా అయినా రెండోది మిగులుతుంది. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. బోలెడు కథలు విన్న పిల్లవాడు అక్షరాలు కలపలేకపోతే పుస్తకం తెరుచుకోదు. గడగడా కలిపేసే పిల్లకు మాటల అర్థాలు తెలియకపోతే పుస్తకం తెరుచుకునీ ప్రయోజనం లేదు.

అమెరికాలో 'చదువు యుద్ధాలు' అని పేరుబడ్డ వివాదం ఈ గుణకారంలో ఏ వైపు ముఖ్యమన్న దాని మీదే. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన బడులు ధ్వనులు నేర్పకుండా మాటల రూపాన్ని గుర్తుపట్టడమే నేర్పుతున్నాయని మండిపడుతూ ఒక పుస్తకం రాస్తే దేశమంతా చదివింది. తర్వాత కొన్నేళ్లకు గాలి ధ్వనులు నేర్పడం వైపు తిరిగింది. 1980లలో మళ్లీ ఇటు తిరిగి, మంచి కథల మధ్య పెరిగితే చదువు దానంతట అదే అబ్బుతుందన్న వాదం బలపడింది. టీవీ కార్యక్రమాలు ఈ గాలికి అతీతంగా ఏమీ లేవు. ఏ కాలంలో ఏ వాదం పైచేయిగా ఉందో ఆ కాలపు కార్యక్రమంలో ఆ ఛాయ కనిపిస్తుంది.

చెత్తడబ్బా నుంచి నీడముఖాల దాకా

'సెసమీ స్ట్రీట్' 1969 నవంబర్ 10న మొదలైంది. జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మారిసెట్ కలిసి దానికి రూపం ఇచ్చారు. బడిలో చేరకముందే వెనకబడిపోతున్న పేదింటి పిల్లలకు, మూడు నుంచి అయిదేళ్ల వాళ్లకు, ఇంట్లోనే అక్షరాలూ అంకెలూ అందించాలన్నది సంకల్పం. చిన్నపిల్లలు వ్యాపార ప్రకటనల పాటలు ఇట్టే కంఠతా పట్టేయడం అందరూ చూస్తున్నదే. సబ్బు అమ్మడానికి పనికొచ్చిన పద్ధతి అక్షరం అమ్మడానికి ఎందుకు పనికిరాదు అన్నది వాళ్ల ఆలోచన. అందుకే ప్రతి భాగమూ ఫలానా అక్షరం సమర్పించినట్టుగా సాగేది.

పరిశోధన విభాగం చూసుకున్న ఎడ్వర్డ్ పామర్ ఒక పరీక్ష కనిపెట్టారు. పిల్లవాడి ముందు టీవీలో కార్యక్రమం నడుస్తుంటే, పక్కనే ఇంకో తెర మీద ఏడున్నర సెకన్లకో కొత్త బొమ్మ మారుతూ ఉండేది. పిల్లవాడు టీవీ వదిలి ఆ పక్కకు ఎప్పుడు తల తిప్పాడో రాసుకునేవారు. తల తిప్పిన చోటల్లా కార్యక్రమాన్ని మార్చేవారు. పిల్లల్ని ఇంత గౌరవంగా, క్షణం క్షణం అడిగి తెలుసుకుని తీసిన కార్యక్రమం అంతకుముందు లేదు. అయినా ఆ పరీక్ష తల ఎటు తిరిగిందో చెప్పగలదు, తెరలో కన్ను ఎక్కడుందో చెప్పలేదు. ఫ్లాగ్ పరీక్ష బయటపెట్టిన లోటు అది.

మొదటి ఏడాది ఫలితాలు 1970లో వచ్చాయి. ఎక్కువ చూసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు. తర్వాత 1975లో థామస్ కుక్, ఆయన సహచరులు అదే సమాచారాన్ని మళ్లీ తిరగేసి ఒక ఇబ్బందికరమైన మాట చెప్పారు. కలిగిన ఇళ్ల పిల్లలూ ఈ కార్యక్రమం చూస్తున్నారు, వాళ్లకూ లాభం ఉంది, కాబట్టి అంతరం తగ్గుతుందన్న భరోసా లేదని. అయితే చాలాకాలం తర్వాత, 2015లో, మెలిస్సా కియర్నీ, ఫిలిప్ లెవిన్ అనే ఆర్థికవేత్తలు ఒక తెలివైన దారిలో దీన్ని మళ్లీ చూశారు. ఆ రోజుల్లో కొన్ని ఊళ్లలో ప్రసార సంకేతం స్పష్టంగా అందేది, కొన్నిచోట్ల అందేది కాదు. అందిన చోట పెరిగిన పిల్లలు వయసుకు తగ్గ తరగతిలో ఉండే అవకాశం ఎక్కువని తేలింది. నల్లజాతి పిల్లల్లో, మగపిల్లల్లో ఆ మేలు మరింత స్పష్టం.

ఇదంతా బడికి సిద్ధం కావడం గురించి. బడిలో చేరీ చదవలేకపోతున్నవాళ్ల మాటేమిటి? వాళ్ల కోసం 'సెసమీ స్ట్రీట్' తీసిన సంస్థే 1971 అక్టోబర్‌లో 'ది ఎలక్ట్రిక్ కంపెనీ' మొదలుపెట్టింది. ఏడు నుంచి పదేళ్ల పిల్లలు లక్ష్యం. రీటా మొరేనో, అప్పటికి ఇంకా పెద్ద తార కాని మోర్గన్ ఫ్రీమన్ అందులో నటించారు. ఫ్రీమన్ వేసిన 'ఈజీ రీడర్' పాత్రకు అక్షరం కనబడితే ఆగదు, అగ్గిపెట్టె మీది రాత దొరికినా చదవాల్సిందే. టామ్ లేరర్ రాసిన పాటల్లో ఒకటి పలకని 'ఈ' గురించి. మాట చివర్లో ఆ అక్షరం వచ్చి కూర్చుంటే అది నోరెత్తదు గానీ ముందున్న అచ్చును మార్చేస్తుంది, 'క్యాన్' కాస్తా 'కేన్' అయిపోతుంది. పుస్తకంలో ఇది బట్టీ పట్టాల్సిన సూత్రం. తెర మీద అక్షరం నడిచి వచ్చి చేరగానే కళ్లముందే మాట మారిపోతుంది. కదలిక అక్షరానికి శత్రువు కానవసరం లేదని ఇక్కడ అర్థమవుతుంది. కదిలేది అక్షరమే అయితే చాలు.

నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ కార్యక్రమంలోని నీడముఖాలు. తెరకు చెరో పక్కన రెండు ముఖాలు, పక్కనుంచి కనిపించే నల్లటి నీడలు మాత్రమే. కళ్లు లేవు, రంగు లేదు, కవళికలు లేవు. ఎడమ ముఖం మాటలోని మొదటి ధ్వని పలుకుతుంది, ఆ అక్షరం దాని పెదవుల మధ్యనుంచి బయటికొస్తుంది. కుడి ముఖం మిగతా ముక్క పలుకుతుంది, ఆ అక్షరాలు దాని నోట్లోంచి వస్తాయి. తర్వాత ఇద్దరూ ఒకేసారి పూర్తి మాట అంటారు, తెర నడుమ ముక్కలు కలిసిపోతాయి.

అందులో ఎన్ని చిక్కులు ఒక్క దెబ్బకు విడిపోయాయో చూడండి. పిల్లలు ఎలాగూ నోటినే చూస్తారు, కనుక అక్షరాన్ని నోటి దగ్గరే పుట్టించారు. ముఖం చూపును లాగేసుకుంటుంది, కనుక ముఖాన్ని నీడ చేసి మిగతా ఆకర్షణంతా తీసేశారు. ధ్వని వినబడ్డ క్షణమూ అక్షరం కనబడ్డ క్షణమూ ఒకటే. ఎడమ నుంచి కుడికి చదవాలన్న పాఠం ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే కంటికి అలవాటవుతుంది. ఏ హంగూ లేని ఆ కొద్ది క్షణాలు, ధ్వనులు కలపడం అంటే ఏమిటో నాకు తెలిసిన ఏ నిర్వచనం కంటే బాగా చెబుతాయి.

1973లో ఈ కార్యక్రమం ఫలితాల్ని శామ్యూల్ బాల్, జెర్రీ ఆన్ బోగాట్జ్ కొలిచారు. బడిలో, తరగతిగదిలో చూసిన పిల్లల చదువు స్పష్టంగా మెరుగైంది. ఇంట్లో చూసినవాళ్లలో అలాంటి మేలు కనబడలేదు. తెర మీద నడిచింది ఒక్కటే కార్యక్రమం. బడిలో మాత్రం టీవీ కట్టేశాక టీచరు ఉన్నారు, అదే ధ్వని ఉన్న మాటలు బోర్డు మీద మళ్లీ రాసేవాళ్లున్నారు, పక్క పిల్లలతో కలిసి పైకి చదవడం ఉంది. ఈ ఫలితాన్ని టీవీ ఓటమిగా చదివినవాళ్లున్నారు. నేనలా చదవను. టీవీ బలం ఎంతవరకో, ఎక్కడ మనిషి అందుకోవాలో ఇంత తేటగా చూపించిన కొలత మరొకటి లేదనిపిస్తుంది.

సింహాలు కాపురమున్న గ్రంథాలయం

'ఎలా చదవాలి' అన్నది ఒక వైపైతే, 'ఎందుకు చదవాలి' అన్నది రెండో వైపు. 1983 జులైలో మొదలైన 'రీడింగ్ రెయిన్‌బో' పూర్తిగా ఈ రెండో వైపు నిలబడింది. లెవార్ బర్టన్ ప్రతి భాగంలో ఒక పుస్తకాన్ని పరిచయం చేసి, ఆ కథలోని ప్రపంచాన్ని బయట వెతుక్కుంటూ వెళ్లేవారు. చివర్లో పిల్లలే వచ్చి తమకు నచ్చిన పుస్తకాల గురించి చెప్పేవారు. అక్షరాలు, ధ్వనులు అన్న ఊసే ఉండదు. వేసవి సెలవుల్లో చదువు అలవాటు జారిపోకుండా పట్టుకోవాలన్నది అసలు ఉద్దేశం. కొత్త భాగాలు 2006 దాకా వచ్చాయి. 2009 ఆగస్టులో పాత భాగాల ప్రసారమూ ఆగిపోయింది. అప్పటికి గాలి మళ్లింది, డబ్బు 'ఎలా' వైపు వెళ్తోంది.

ఆ మలుపు దగ్గర, 2000 ఏప్రిల్ 3న, లాభాపేక్ష లేని ప్రజా ప్రసార వ్యవస్థ పీబీఎస్‌లో 'బిట్వీన్ ద లయన్స్' వచ్చింది. బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ కేంద్రమూ, సెసమీ స్ట్రీట్‌లో పనిచేసి వచ్చిన కొందరు పెట్టుకున్న 'సిరియస్ థింకింగ్' అనే సంస్థా కలిసి తీశారు. ఇంగ్లీషులో 'పంక్తుల మధ్య చదవడం' అంటే రాతలో పైకి కనబడని అర్థాన్ని పట్టుకోవడం. ఆ నుడికారంలో పంక్తులు అనే అర్థమున్న 'లైన్స్'ను కాస్త మార్చి 'లయన్స్', అంటే సింహాలు, చేస్తే కార్యక్రమం పేరు వచ్చేసింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ గుమ్మానికి రెండు పక్కలా 1911 నుంచి రాతిసింహాలు కూర్చుని ఉన్నాయి. అలాంటి సింహాల మధ్యనుంచి లోపలికి అడుగుపెడితే అది గ్రంథాలయం. అందులో థియో, క్లియో అనే తల్లిదండ్రులు, లయనెల్, లియోనా అనే పిల్లలు, ఒక సింహాల కుటుంబం కాపురం.

దాని అమరికలో ఉంది అసలు విశేషం. ముందు ఒక కథో పాటో వంటవిధానమో పూర్తిగా చదువుతారు. తర్వాత అందులోంచి ఒక మాటను పట్టుకుని, ఆ మాటలోని ఒక అచ్చు ధ్వనిని పట్టుకుని, దాన్ని రకరకాలుగా తిప్పి చూపిస్తారు. చివరికి మళ్లీ కథ దగ్గరికి వస్తారు. మొత్తం నుంచి భాగానికి, భాగం నుంచి మళ్లీ మొత్తానికి. చదువు యుద్ధాల్లో చెరోవైపు నిలబడి అరుచుకుంటున్న రెండు పక్షాలనూ ఒక్క అరగంటలో ఒకే గదిలో కూర్చోబెట్టారు. గుణకారంలోని రెండు అంకెలనూ కలిపి పట్టుకున్నారు. అదే నెలలో, ఏప్రిల్ 2000లోనే, అమెరికా కాంగ్రెస్ కోరిక మీద ఏర్పడిన జాతీయ పఠన మండలి నివేదిక వచ్చింది. ధ్వనుల ఎరుక, ఫోనిక్స్, ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం ఇవన్నీ కావాలని అది చెప్పింది.

నీడముఖాల వారసులు ఇందులో యోధుల వేషంలో కనిపిస్తారు. ఇద్దరు వీరులు ఎదురెదురుగా దూసుకొస్తారు. ఒకడి దగ్గర మాటలోని మొదటి ముక్క, మరొకడి దగ్గర మిగతా ముక్క. ఢీకొనగానే మాట పుడుతుంది. అక్షరాలు ఇక్కడ తెర మూలన లేవు, ఆయుధాల్లా అవే ముందుకొస్తున్నాయి. ఎక్కడ ఢీకొంటాయో అక్కడే పిల్లల చూపు కాచుకుని ఉంటుంది. ఇంకోచోట 1960ల నాటి ఒక గాయనీబృందం పేరును అచ్చుల పేరుగా మార్చుకున్న బొమ్మల బృందం అచ్చు ధ్వనుల్ని పాడుతుంది.

కొండచరియ అంచున కొమ్మ పట్టుకుని వేలాడే క్లిఫ్ హ్యాంగర్ అనే కార్టూన్ మనిషి కథ మరో రకం. ప్రతిసారీ ఏదో ఒకటి అటుగా వస్తుంది, ఇతను తన దగ్గరున్న ప్రాణరక్షణ పుస్తకం తీసి, అందులో రాసి ఉన్నట్టు చేస్తాడు, బయటపడినట్టే పడి మళ్లీ అదే కొమ్మకు వేలాడతాడు. పిల్లలు పగలబడి నవ్వుతారు. కానీ ఆ నవ్వు లోపల జరిగే పని గమనించాలి. రాసి ఉన్నది చదివితే దాని ప్రకారం ఒక పని జరుగుతుందని, అక్షరాలకు లోకంలో ఫలితం ఉంటుందని పసివాడికి తెలుస్తోంది. పుస్తకాలు లేని ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఇది చెప్పకపోతే తెలిసే విషయం కాదు.

డెబొరా లైన్‌బార్గర్ నాయకత్వంలో కాన్సాస్‌లో జరిగి 2004లో అచ్చయిన అధ్యయనంలో కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలకు 17 భాగాలు చూపించారు. కిండర్‌గార్టెన్ పిల్లల్లో ధ్వనుల ఎరుక, అక్షరానికీ ధ్వనికీ ముడి, ముద్రిత పాఠం ఎలా నడుస్తుందన్న అవగాహన, ఈ మూడూ చూడనివాళ్ల కంటే బాగా పెరిగాయి. అయితే అందరికీ ఒకే మోతాదులో మేలు జరగలేదు. పిల్లవాడు ఏ మెట్టు మీద మొదలయ్యాడన్నదాన్ని బట్టి ఫలితం మారింది, బాగా వెనకబడ్డవాళ్లకు తెర ఒక్కటే సరిపోలేదు.

మిసిసిపీ రాష్ట్రంలో జరిగిన ప్రయత్నం ఇక్కడే ముఖ్యమవుతుంది. పేదింటి పసిపిల్లల కోసం ప్రభుత్వం నడిపే అక్కడి హెడ్ స్టార్ట్ కేంద్రాల్లో, చాక్టా ఆదివాసీ పిల్లల తరగతుల్లో ఈ కార్యక్రమాన్ని ఒంటరిగా వదలకుండా, దానితోపాటు కథల పుస్తకాలు ఇచ్చారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ముందు పుస్తకం చదివి, ఒక చిన్న భాగం చూసి, అదే ధ్వనితో ఆట ఆడించడం పద్ధతి. దాదాపు మూడు దశాబ్దాల ముందు ఎలక్ట్రిక్ కంపెనీ తరగతిగదిలో దొరికిన పాఠాన్ని ఈసారి ముందుగానే పథకంలో పెట్టుకున్నారన్నమాట. తర్వాతి భాగాల నిర్మాణంలో మిసిసిపీ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ నేరుగా పాలుపంచుకుంది. 2010 వరకు కొత్త భాగాలు వచ్చాయి.

ఆ తర్వాతి తరంలో 'సూపర్ వై' గురించి ఒక్క మాట. 2007లో వచ్చిన ఈ కార్యక్రమంలో కథలో ఒక వాక్యం తెర మీద నిలబడుతుంది. అందులో ఒక మాటను తీసి మరో మాట పెడితే కథే మారిపోతుంది. కోపంగా ఉన్న తోడేలు, ఆ ఒక్క మాట మారితే, కోపం మానేస్తుంది. మధ్యలో పాత్రలు ఆగి పిల్లల్ని అడుగుతాయి, వాళ్లు జవాబు చెప్పేంతసేపు నిశ్శబ్దంగా ఎదురుచూస్తాయి. జవాబు తప్పయినా 'భేష్' అంటాయి. తెరకు చెవులు లేవు మరి.

మాట రూపం గుర్తుపడితే చదివినట్టేనా?

తెర మీద మాటలు చూపించి చదువు వచ్చేసిందనిపించడం ఎంత తేలికో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పాలబుగ్గల పసివాళ్లకు చదవడం నేర్పుతామంటూ 'యువర్ బేబీ కెన్ రీడ్' అనే పేరుతో వీడియోలు అమ్మారు, ఒక్కో సెట్టు ఖరీదు సుమారు 200 డాలర్లు. ప్రకటనలు తప్పుదోవ పట్టిస్తున్నాయని 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2014లో సూసన్ న్యూమన్ బృందం పసిపిల్లల చదువు వీడియోల మీద పరీక్ష పెడితే, చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ చదువులో తేడా కనబడలేదు. తల్లిదండ్రులకు మాత్రం పిల్లలు నేర్చుకుంటున్నారన్న గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎలా కలుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఒక మాట అచ్చును బొమ్మలాగా గుర్తుపట్టి పసివాడు చేయి పైకెత్తితే ఏ తల్లి మురిసిపోదు? కానీ ఆ మాటలో ఒక్క అక్షరం మార్చి చూపిస్తే ఆ గుర్తు పనికిరాదు. కూడబలుక్కోవడం వచ్చిన పిల్లవాడు మాత్రం ఎన్నడూ చూడని మాటనూ చదువుతాడు. నీడముఖాలకూ ఈ వీడియోలకూ మధ్య ఉన్న దూరం అదే.

ఇక తెర అడుగున నడిచే క్యాప్షన్ల సంగతి. చెవిటివారి కోసం 1990లో చేసిన చట్టం వల్ల, 1993 నుంచి అమెరికాలో అమ్మే 13 అంగుళాలూ అంతకుమించిన ప్రతి టీవీలో క్యాప్షన్లు చూపే ఏర్పాటు తప్పనిసరి అయింది. లైన్‌బార్గర్ 2001లో రెండో తరగతి ముగించిన పిల్లలతో చేసిన పరీక్షలో, క్యాప్షన్లతో చూసినవాళ్లు మాటల్ని మెరుగ్గా గుర్తుపట్టగలిగారు. విచిత్రమేమిటంటే క్యాప్షన్ నిలబడే చోటు ఆస్కార్ అక్షరాలు నిలబడ్డ చోటే. తెర అడుగున, బొమ్మల హడావిడికి దూరంగా, ఎవరూ వేలు పెట్టి చూపించకుండా. అక్షరాలు రాని నాలుగేళ్లవాడికి అవి తెర అంచు మీద తెల్లటి గీతలు. ధ్వనులు కలపడం అబ్బిన ఎనిమిదేళ్లవాడి కన్ను మాత్రం, పైన ఎంత కోలాహలం జరుగుతున్నా, ఎవరూ చెప్పకుండానే కిందికి దిగి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. చదవొద్దన్నా ఆగదు.